మావయ్య ఆటలాడడని రాశాను

ఇప్పుడైతే ప్రమాద బీమా అంటే ఫోన్లో నాలుగు నొక్కులు. నేను కొత్తగా ఆ పనిలో చేరిన రోజుల్లో, అంటే రెండువేల నాలుగో ఐదో, రాయ్‌పూర్‌లో మన తెలుగువాళ్ల ఇంటికెళ్లి ఆ మాట ఎత్తితే ముందు మంచినీళ్లిచ్చేవారు, తర్వాత గుమ్మం చూపించేవారు. ప్రమాద బీమా కట్టడమంటే ప్రమాదాన్ని పిలిచి పీట వేసినట్టేనని వాళ్ల భయం. డిగ్రీ మూడోసారికి గట్టెక్కి, ఏ ఉద్యోగమూ రాక, నేను దానికి ఏజెంటునయ్యాను. పాత సైకిలు, నల్ల రెక్సిన్ బ్యాగు, మే నెల ఎండలో మెడకి టై. ఏ వేలు పోతే ఎంతో, ఏ కాలు పోతే ఎంతో కంఠతా వచ్చేసింది. మూడు నెలలు తిరిగినా ఒక్క పాలసీ కాలేదు. ఈ నెల కూడా బోణీ కాకపోతే బ్యాగు ఇచ్చేసి వెళ్లమన్నాడు మా ఆఫీసరు.

సరిగ్గా అప్పుడే మా కంపెనీ, చురుగ్గా తిరిగేవాళ్ల కోసమని కొత్త పాలసీ తెచ్చింది. ఆటలు, ఈత, కొండలెక్కడం, ఏవి చేస్తారో ఫారంలో రాస్తే చాలు; మామూలు ప్రమాదాలతో పాటు వాటిలో దెబ్బ తగిలి మంచాన పడినా, లేచేదాకా వారం వారం ఇంతని ఇస్తారు. ఆ ప్రకటన మీద గాల్లోకి ఎగిరిన మనిషి బొమ్మ చూడగానే నాకు మా స్మాష్ మావయ్య గుర్తొచ్చాడు. మా అమ్మకి తమ్ముడు. ఊరవతల ఇనుప ఫ్యాక్టరీలో మేస్త్రీ, పనికెళ్లిన రోజుకే జీతం. నలభై రెండేళ్ల వయసులో కూడా డ్యూటీ దిగగానే మోవా గ్రౌండులో వాలీబాల్. ఆయన ఎగిరి కొట్టాడంటే అవతలివాళ్లు బంతి సంగతి వదిలేసి మొహాలు కాపాడుకునేవారు. గెలిచిన కప్పులు ఎన్నంటే, అత్త ఒకదాంట్లో చింతపండు, ఇంకోదాంట్లో పోపుగింజలు పోసుకునేది.

నేను వెళ్లింది దీపాలు పెట్టే వేళకి. (బుర్రున్న ఏజెంటు ఎవడూ ఆ వేళకి వెళ్లడు.) "మన అల్లుడికి మనం బోణీ చెయ్యకపోతే ఇంకెవులు చేస్తారు?" అంటూ మావయ్య సంతకానికి సిద్ధమయ్యాడు. నేను నియమాలు చదవడం మొదలుపెట్టాను: రెండు కాళ్లు పోతే ఇంత, ఒక కాలు పోతే... అత్త వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "ఓలమ్మా! సందేళ పూట ఆ మాటలేటిరా! పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, చుప్ బైఠో!" సరేనని మనసులో చదువుకున్నాను. ఆటల గడి దగ్గరికొచ్చి వాలీబాల్ అని రాయబోతే చెయ్యి పట్టుకుంది. ఆవిడ వాదనేమిటంటే, ఒకే కాగితం మీద పైన మొగుడి ఆట పేరు, కింద విరిగే కాళ్ల పేరు ఉంటే దేవతలు రెండూ కలిపి చదువుకుని తథాస్తు అనేస్తారట. "నీకు దండం పెడతాను బావు. మీ మావయ్య ఆటలాడడని రాసీ" అంది. ఆట రాయకపోతే ఆటలో తగిలే దెబ్బకి ఆ పాలసీ పనికిరాదని నాకు తెలుసు. తెలిసే, నెలాఖరు తలుచుకుని, 'ఆటలు లేవు. తీరిక వేళల్లో పూజ, విశ్రాంతి' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. చురుకైనవాళ్ల పాలసీని కదలని మనిషికి అంటగట్టిన ఏజెంటు రాయ్‌పూర్ మొత్తమ్మీద నేనొక్కణ్నే అయ్యుంటాను.

నాలుగు నెలలు తిరక్కుండానే అభన్‌పూర్‌లో ఒక ఆదివారం మ్యాచ్‌లో మావయ్య ఎగిరాడు. ఎగరడం బాగానే ఎగిరాడట. దిగడంలో కుడి చీలమండ రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు, మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. ఫ్యాక్టరీ నుంచి ఏమీ రాదు. ఆ మూడు నెలలూ ఇల్లు గడవాలంటే నేను చేసిన పాలసీ ఒక్కటే దిక్కు. "బాత్‌రూంలో జారిపడ్డాడని చెబుదాంరా" అంది అత్త. తలూపాను. తలూపడంలో అప్పటికే నాకు మంచి అనుభవం వచ్చింది.

విచారణకి మా ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడని తెలిసి కప్పులన్నీ మంచం కిందకి తోశాం, చింతపండుతో సహా. గోడకున్న టీం ఫోటో మీద వేంకటేశ్వరస్వామి క్యాలెండరు వేలాడదీశాం. మావయ్య నుదుట విభూతి, అత్త చేతిలో చిడతలు. (వెంకన్న పటం కింద శివుడి విభూతి ఏమిటని ఎవరికీ తట్టలేదు.) వచ్చినాయన మంచివాడు. అదే మా కొంప ముంచింది. ఎక్స్‌రే చూశాడు, టీ తాగాడు, అంతా రాసుకున్నాడు. ఇంక సంతకం పెట్టడమే తరువాయి అనగా మావయ్య వైపు జాలిగా చూశాడు. "భాయ్‌సాబ్, బురా మత్ మానియే. జిందగీ భర్ బైఠే రహోగే తో హడ్డీ టూటేగీ హీ. కభీ థోడా ఖేల్ లేతే" అన్నాడు. ఏమీ అనుకోకండి, జీవితమంతా కూర్చునే ఉంటే ఎముకలు విరగక ఏం చేస్తాయి, ఎప్పుడైనా కాస్త ఆడి ఉండాల్సింది అని.

మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. నేను కళ్లతోనే దండం పెట్టాను. అత్త గబగబా చిడతలు వాయించింది. లాభం లేకపోయింది. "కౌన్ నహీ ఖేలా?" ఎవడు ఆడలేదంటావని అరిచాడు మావయ్య. "అభన్‌పూర్ జాకే పూఛో!" వెళ్లి కనుక్కోమన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అల్లుడూ, తియ్యిరా కప్పులు!" నేను కదల్లేదు. కట్టు కాలితో తనే మంచం మీంచి వంగి, ఒక్కో కప్పూ లాగి ఆయన ముందు పెట్టాడు. ఏది ఏ ఊళ్లో గెలిచాడో, ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచాడో అన్నీ చెప్పాడు. చివరి కప్పులోంచి చింతపండు జారి ఫైలు మీద పడింది. ఆయన దాన్ని దులిపి, మా ముగ్గురిలో నన్ను మాత్రమే చూశాడు. "లిఖా హోతా తో మిల్ జాతా, బేటా" అన్నాడు మెల్లగా. రాసి ఉంటే వచ్చేదట.

పాలసీ రద్దయింది, ఏమీ రాలేదు. ఆ పెద్దాయన ఫైల్లో ఏం రాశాడో గానీ, నా బ్యాగు మాత్రం నా దగ్గరే మిగిలింది. అత్త జంతికలు చుట్టి తెలీబంధా షాపులకి వేసి ఇల్లు నడిపింది. నన్ను ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది. "రాయకపోయినా ఇరిగిందేటిరా?" అని మాత్రం ఒకసారి అడిగింది, నిజంగానే తెలియక అడిగినట్టు. మావయ్య కాలు కుంటిదయింది. ఫ్యాక్టరీలో గేటు దగ్గర కాపలాకి కుర్చీ వేశారు. సాయంత్రం గ్రౌండు కంటబడకుండా చుట్టు తిరిగి ఇంటికొచ్చేవాడు. ఆ సంగతి తెలిసిన రోజున నేను సైకిలు పక్కన పెట్టి రోడ్డు మీదే ఏడ్చాను.

మరుసటి ఏడాది ఆయనే కబురు పెట్టాడు. "ఈ నెల బోణీ అయిందేటిరా? నేకపోతే ఫారం తియ్యి" అన్నాడు. ఈసారి ఒక్కో గడీ గట్టిగా చదివాను. సందేళే అయినా అత్త అడ్డు రాలేదు. ఆటల గడి దగ్గర ఆగి మావయ్య వైపు చూశాను. ఆయన తన కాలి వైపు చూసుకున్నాడు.

"ఆటలు నేవని రాసీరా. ఈపాలి అబద్ధం కాదులే" అని నవ్వాడు.

అప్పటి మావయ్య వయసు నాకూ దాటింది. ఇంకా అదే పని. టై మానేశాను, బ్యాగు మాత్రం నల్లదే. ఎవరైనా "ఆటలా? ఏవీ లేవు, రాసుకోండి" అంటే వంగి వాళ్ల మంచం కింద చూడాలనిపిస్తుంది. నడుం వంగదు. అందుకని కలం పక్కన పెట్టి, రెండోసారి అడుగుతాను.