బ్రూనో తాత గుర్తుపట్టిన వైను

"ఇది మాది కాదు," అన్నాడాయన.

"ఎవరిదైతే ఏంటి తాతా, చప్పరించు," అన్నాను నేను.

బ్రూనో తాతకీ నాకూ అవే ఆఖరి మాటలు. ఆయన ఇంగ్లీషులో అన్నాడు, నేను తెలుగులోనే అనేశాను.

కోవిడ్ గొడవ సద్దుమణిగిన ఏడాది అది. ఇంగ్లండులో లీసెస్టర్ అనే ఊళ్లో ఒక కేర్ హోమ్‌లో చేస్తున్నాను, ఇప్పటికీ అక్కడే. ముసలివాళ్లకి స్నానాలూ బట్టలూ తిండీ చూడటం నా పని. తాతది ఇటలీలో టస్కనీ అనే కొండల సీమ. మతిమరుపు జబ్బు ముదిరి కూతురు లూసియాని కూడా పోల్చుకోవడం మానేశాడు. తర్వాత మింగడమూ పోయింది. అలాంటివాళ్ల మంచం దగ్గర ‘నిల్ బై మౌత్’ అని పెడతారు, నోటికి ఏదీ ఇవ్వొద్దని. ఇక మిగిలేది మౌత్ కేర్. మెత్తటి చిన్న బ్రష్ తడిపి నోరు ఎండిపోకుండా తుడవడం. ఎవరు వెళ్లినా తాత పళ్లు బిగించేసేవాడు, నాకొక్కదానికే తెరిచేవాడు. ఎందుకో నాకూ తెలీదు.

ఒకరోజు లూసియా సన్నటి సీసా తెచ్చింది. విన్ సాంతో అట, వాళ్ల సీమ తియ్యటి వైను. "మా నాన్నకి ఇంకా ఏమైనా తెలుస్తోందా మంగా? పోయేలోపు ఒక్కసారి ఇది నాలిక్కి తగలనీ," అంది. మా నర్సు డాక్టర్ని అడిగొచ్చి, "బ్రష్ ముంచి బాగా విదిలించి పెట్టు, చుక్క కారకూడదు," అంది.

నాకు ఒళ్లు మండింది. మా ఆయన్ని మింగేసింది తాగుడే.

"నేను ముట్టను సిస్టర్. ఇంకెవరికన్నా చెప్పు."

"ఇంకెవరికి తెరుస్తాడు ఆ నోరు?"

లూసియా కోప్పడలేదు. కుర్చీ లాక్కుని, అది ఎలా చేస్తారో చెప్పుకొచ్చింది. ద్రాక్షపళ్లు అటక మీద చాపలేసి ముడతలు పడేదాకా ఆరబెడతారట. పిండిన రసం చిన్న పీపాల్లో పోసి, పాత పీపా అడుగున మిగిలిన మడ్డి కాస్త కలుపుతారట. "మా పెరుగు తోడులాగా," అన్నాను. మూత బిగించాక ఏళ్ల తరబడి తెరవరు. వేడీ చలీ అన్నీ ఆ అటక మీదే. చుట్టమొస్తే చిన్న గ్లాసులో పోసి, గట్టి బాదం బిస్కెట్టు ముంచుకు తినమంటారు.

మాది గోదావరి వైపు. చాపల మీద పొర మీద పొర పోసి మామిడి తాండ్ర ఎండబెట్టిన చేతులు నావి. ఆ కష్టం విన్నాక ఇంకేం వాదిస్తాను? గ్లవ్స్ తొడుక్కున్నాను.

నోరు తెరిచాడు. బ్రష్ నాలిక మీద తిప్పాను. కళ్లు మూసుకున్నాడు. నెలలుగా మాటలేని మనిషి మొహం చిట్లించి, తమది కాదన్నాడు!

లూసియా నవ్వుతోంది, ఏడుస్తోంది. "నిజమే నాన్నా! ఊళ్లో మన ఇల్లూ పీపాలూ ఎప్పుడో అమ్మేశాం కదా. ఇది షాపులో కొన్నా," అని ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. తాత మళ్లీ మాట్లాడలేదు. ఆ వారంలోనే నిద్రలో పోయాడు.

తాగుడు మీద నా కోపం పోలేదు, పోదు. కానీ పనిలో కొత్తగా చేరిన పిల్లలకి ఒకటి చెప్తుంటాను. ఏమీ తెలీదులే అనుకుని మంచం మీది మనిషి ఎదుటే నోటికొచ్చింది మాట్లాడకండి. ఆయనకి ఏ రుచి ఇష్టమో ఇంటివాళ్లని అడగండి, నర్సు చెవిన వెయ్యండి. టీ అవనీ, చారవనీ, వైనవనీ.

ఇదంతా రాసింది మా అక్క కూతురు సుజాత, నాకు సంతకం వరకే వచ్చు. ఏమే, ముక్కు తుడుచుకున్నది చాలు. నా మాటలకి చదువుకున్నోళ్ల మెరుగులేమైనా పెట్టావేమో, మొదట్నించీ ఓసారి చదివి వినిపించు.