పుల్లయ్య నేర్పిన కేక

పుల్లయ్యను ఎవరైనా ఆటల గురించి కదిపితే చాలు, ముందు తన పరువు తనే తీసుకుంటాడు. ఇంకొకరు తీస్తే వంకరటింకరగా తీస్తారు, మన పరువు మనమైతే శుభ్రంగా తీసుకోవచ్చు అంటాడు. యాభై నాలుగేళ్ళ మనిషి. కర్నూలు బయట నంద్యాల రోడ్డులో ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అటెండరు. సర్క్యులర్ పుస్తకం చంకలో పెట్టుకుని క్లాసు క్లాసుకూ తిరగాలి, సాయంత్రం గ్రౌండు ఊడ్చి, బంతులు గదిలో పెట్టి తాళం వేయాలి. చదువు ఐదో తరగతి. అది కూడా నాలుగున్నరేనని, మిగతా అర పంతులు జాలిపడి ఇచ్చాడని ఆయనే చెబుతాడు.

సెలవు దొరికినప్పుడల్లా ఆయనకు ఇంకో పని ఉండేది. సొంతూరు కోయిలకుంట్ల పక్కన పల్లె. ఆ చుట్టుపట్ల తిరునాళ్ళలో ఎద్దుల బండలాగుడు పోటీలు పెడితే మైకు పుల్లయ్య చేతిలోనే. కాడికి కట్టిన ఎద్దులు ఇంత రాతిబండను ఈడ్చుకుపోతుంటే అవి ఎవరి ఎద్దులో, ఏ ఊరివో, ఎన్ని అడుగులు లాగాయో చెప్పాలి, జనం చేత కేకలు పెట్టించాలి. బండ కదులుతున్నంతసేపూ ఎవరైనా అరుస్తారు. ఎద్దులు ఆగిపోయినప్పుడే అసలు పని. జనమంతా లేచి, తువ్వాళ్ళు తిప్పి, ఈలలు వేసి, నేల అదిరేట్టు కేక పెడితే ఎద్దులకు ఊపు వస్తుంది, బండ కదులుతుంది. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. పక్క ఊరి ఎద్దులు లాగేటప్పుడు మనవాళ్ళు గోల చేసి వాటిని బెదరగొట్టకూడదు. బెదరగొడితే కర్రలు లేస్తాయి. పుల్లయ్యకు తెలిసిన శాస్త్రం మొత్తం ఇంతే.

ఆ కాలేజీలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు ఒకటి ఉంది. ఉందన్న సంగతి ఆడే పిల్లలకు, ఆట నేర్పే ప్రేమజ్యోతి మేడానికి, బంతులకు గాలి కొట్టే పుల్లయ్యకు తప్ప ఎవరికీ తెలియదు. కెప్టెన్ పేరు జీవిత. బేతంచెర్ల పిల్ల. వాళ్ళ నాయన పెద్దన్న నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. క్లాసులో తల ఎత్తని ఆ పిల్ల, చేతిలో బంతి పడితే ఎవరికీ దారి ఇవ్వదు. దసరా ముందు రాయచోటి జట్టు వచ్చి ఆడినప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళు పుల్లయ్య, హాస్టల్ వంటమనిషి, నీడ కోసం వచ్చిన రెండు మేకలు. మేకలు చివరిదాకా ఉన్నాయి. వంటమనిషి ఉండలేదు.

జనవరిలో కరస్పాండెంటు ఒక ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చి కోర్టు కొలిపించాడు. కాలేజీ బస్సులకు షెడ్డు కావాలట. ప్రేమజ్యోతి మేడం అడ్డం పడితే, చూసే దిక్కులేని ఆటకు ఇంత జాగా ఎందుకమ్మా అన్నాడు. మేడం వదల్లేదు. ఫిబ్రవరిలో కడప కాలేజీతో ఇక్కడే సెమీఫైనల్ ఉందని, ఆ రోజు వచ్చి చూడమని బతిమిలాడింది. సరే, ఆ రోజు కోర్టు పక్కన జనం కూర్చునే మెట్లు నిండితే షెడ్డు సంగతి మళ్ళీ ఆలోచిస్తాను, నిండకపోతే మ్యాచ్ తర్వాతి సోమవారమే షెడ్డుకు ఇనుము దిగుతుంది అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బంతులు లోపల పెడుతుంటే జీవిత గది గుమ్మంలో నిలబడింది.

"కోర్టు పోతే ఇంగ మేము యాడ ఆడాల మామా?"

పుల్లయ్య నోరు అక్కడే జారింది. "నేను ఉండాను గదమ్మా. ముప్పై ఏండ్లు జనం చేత అరిపించినోన్ని. మెట్లు నింపే పూచీ నాది. నువ్వు గమ్మున ఆడుకో."

ఇంటికెళ్ళి ఈ మాట చెబితే భార్య రామసుబ్బమ్మ చేస్తున్న పని ఆపి ఆయన్ని ఎగాదిగా చూసింది. పిలిస్తే కన్న కొడుకే పలకడు, కాలేజీ పిల్లోళ్ళు వస్తారా అంది. ఆ మాటలో న్యాయం ఉందని పుల్లయ్య ఇప్పటికీ ఒప్పుకుంటాడు.

మొదట సర్క్యులర్ పుస్తకాన్ని నమ్ముకున్నాడు. ఆయన పుస్తకంతో గుమ్మంలో కనబడగానే క్లాసంతా ఆశగా చూస్తుంది, రేపు సెలవేమోనని. బాస్కెట్‌బాల్ అని వినబడగానే బెంచీల మీద తలలు వాలిపోయేవి. ముప్పై క్లాసుల్లో ముప్పైసార్లు పిల్లల మొహాలు మాడ్చి, ఒక్కడినీ రప్పించలేకపోయాడు. ఎందుకు రారో కనుక్కుందామని ఒక మధ్యాహ్నం కోర్టు పక్క మెట్ల మీద తనే కూర్చుని చూశాడు. కూర్చున్నంత వేగంగా లేచాడు. నాపరాయి మెట్లు ఎండకు పెనంలాగా కాలుతున్నాయి. పదేళ్ళుగా వాటిని ఊడుస్తున్నాడు గానీ ఒక్కసారీ కూర్చోలేదు. మ్యాచ్ రోజు మధ్యాహ్నం నుంచే పైపు పెట్టి మెట్లను తడపాలని అప్పుడే అనుకున్నాడు. ఈ మొత్తం కథలో తన బుర్ర సరిగ్గా పనిచేసింది ఆ ఒక్కచోటే అంటాడు.

తర్వాత అబ్బాయిల హాస్టల్ మెస్సుకు పోయాడు. అక్కడ భూపేష్ అని ఫైనలియర్ పిల్లవాడున్నాడు. వాడు దగ్గితే ఇరవైమంది దగ్గుతారు. పుల్లయ్య వాడి ముందు నిలబడి, మెడలో తువ్వాలు తీసి గిరగిరా తిప్పి, ఎద్దుల కేక ఒకటి వేశాడు. మెస్సులో గరిటెలు ఆగిపోయాయి. తర్వాత నవ్వులు మొదలయ్యాయి. సాంబారు పొలమారి ఒకడు బయటికి పరుగెత్తాడు. ఇంకోసారి వేయమన్నారు. వేశాడు. భూపేష్ లేచి తనూ వేశాడు. వారం తిరిగేసరికి ఆడపిల్లల హాస్టల్లో కూడా అదే కేక. పుల్లయ్య వరండాలో నడుస్తుంటే క్లాసు కిటికీల్లోంచి హెయ్ హెయ్ అని అరిచేవాళ్ళు. ఎకనామిక్స్ సారు ఉలిక్కిపడి సుద్దముక్క జారవిడిచాడు. అదంతా తన మీద భక్తి అనుకున్నాడు పుల్లయ్య. ఎగతాళి అని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

కేక ఎప్పుడు వేయాలో కూడా ఆయనే నేర్పాడు. మన పిల్ల బంతితో ఉరుకుతుంటే చిన్న కేక. బుట్టలో వేస్తే ఈల. ఎక్కడైనా ఆగి నిలబడిందంటే ఇరుక్కున్నట్టు లెక్క, అప్పుడు అందరూ లేచి తువ్వాలు తిప్పి పెద్ద కేక వేయాలి. ప్రేమజ్యోతి మేడం ముందురోజు పిలిచి, అవతలివాళ్ళు తప్పు చేస్తే మన పిల్ల గీత దగ్గర ఒక్కతే నిలబడి బంతి వేస్తుందని, దాన్ని ఫ్రీ త్రో అంటారని, అప్పుడు జనం ఎట్లా ఉండాలో కూడా చెప్పింది. పుల్లయ్య అట్లే మేడం, అట్లే మేడం అన్నాడు. పై అధికారి మాట్లాడేటప్పుడు తల ఊపడం అలవాటైన మెడ అది. చెవులకు దానితో సంబంధం లేదు.

మ్యాచ్ రోజు నాలుగింటికి, పుల్లయ్య తడిపి చల్లార్చిన మెట్ల మీద, ఆ కేక వేయడానికే వచ్చినవాళ్ళు మూడొందలమంది ఉన్నారు. కరస్పాండెంటు షామియానా కింద కుర్చీలో కూర్చున్నాడు. అడ్మిషన్ల పాంఫ్లెట్‌లో వేయడానికని ఫొటోగ్రాఫరును కూడా తెచ్చుకున్నాడు. నిండిన మెట్లు చూసి ఆయన కనుబొమ్మలు లేవడం చూశాడు పుల్లయ్య. ఛాతీ ఉబ్బింది. మైకు తీసుకుని, తనకు తెలిసిన పద్ధతిలోనే కెప్టెన్‌ని పరిచయం చేశాడు. బేతంచెర్ల వాస్తవ్యులు పెద్దన్నగారి జీవిత బరిలోకి దిగుతోందన్నాడు. జీవిత నేల చూపులు చూసింది.

ఆట బాగా మొదలైంది. ఆ గోలకు కడప పిల్లలు బిత్తరపోయి బంతులు చేజార్చారు. మన జట్టు ముందుంది. అప్పుడు జీవితకు మొదటి ఫ్రీ త్రో వచ్చింది. గీత దగ్గర నిలబడి, బంతి రెండుసార్లు నేలకు కొట్టి, ఊపిరి పీల్చుకుంది. పుల్లయ్యకు ఇరుక్కున్న ఎద్దు కనబడింది. తువ్వాలు లేపాడు. మూడొందలమంది ఒక్కసారిగా లేచారు. బంతి ఇనుప చుట్టును కూడా తాకలేదు. రెండోదీ అంతే. కేక చాలలేదనుకుని తర్వాతిసారి ఈలలు కూడా కలిపించాడు. అవీ పోయాయి.

కడప పిల్లకు ఫ్రీ త్రో వచ్చినప్పుడు మాత్రం కట్టుబాటు గుర్తొచ్చింది. పరాయి ఊరి జత. చేయెత్తి జనాన్ని కూర్చోబెట్టాడు. ఈగ వాలితే వినబడేంత నిశ్శబ్దం. ఆ పిల్ల తీరిగ్గా రెండూ వేసుకుంది. ఇంకొకామె ఇంకో రెండు వేసింది. సగం ఆట అయ్యేసరికి కడప వాళ్ళు ముందుకు పోయారు. వాళ్ళ కోచ్ ఓబుళేశు అనే పెద్దాయన పనిగట్టుకుని వచ్చి పుల్లయ్య చేయి పట్టుకున్నాడు.

"శానా ఊర్లు తిరిగినానప్పా. మీ అంత మర్యాదస్తుల్ని యాడా చూళ్ళేదు."

పుల్లయ్య పొంగిపోయి, ఆయనకు నీళ్ళ సీసా ఇప్పించాడు.

చివరి భాగంలో టైమవుట్ తీసుకున్నప్పుడు జీవిత నీళ్ళు తాగకుండా నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది. చెమటకు ముఖం తడిసి ఉంది.

"మామా, నువ్వు ఎవురి పక్క?"

"ఏం మాటమ్మా అది? గొంతు పోయేట్టు అరిపిస్తాండా గదా."

"అదే చెప్తాండా. నేను ఏసేటప్పుడు అరిపిస్తాండావు, వాళ్ళు ఏసేటప్పుడు గమ్మునుండమంటాండావు. ఆడ నిలబడి ఏసేదానికి మనసు నిలబడాల. నేనేమన్నా ఎద్దునా, అరిస్తే లాగేదానికి?"

పుల్లయ్య తువ్వాలు దించి భుజాన వేసుకున్నాడు. మేడం చెప్పిందంతా అప్పుడు వినబడింది, ఒకరోజు ఆలస్యంగా. తను పోగొట్టిన బంతులు మనసులో ఒక్కొక్కటే లెక్కకొచ్చాయి. ఎనిమిది. బస్సుల షెడ్డుకు పునాది తనే తవ్వుతున్నాడు.

ఆట మళ్ళీ మొదలైంది. మూడు సెకన్లు మిగిలి ఉండగా, ఒక్క పాయింటు వెనకబడి ఉండగా, జీవితను కడప పిల్ల తోసేసింది. రెండు ఫ్రీ త్రోలు. మూడొందలమంది లేచి నిలబడి పుల్లయ్య తువ్వాలు వంక చూస్తున్నారు. ఆపండని చేతులు ఊపాడు. అదేదో కొత్త కేక అనుకుని వాళ్ళు కూడా చేతులు ఊపి అరిచారు. మైకులో గమ్మునుండండి అంటే నవ్వి ఇంకా అరిచారు. జనాన్ని లేపడమే తెలిసిన మనిషి, కూర్చోబెట్టడం తెలియదు. కడప పిల్లలు వేసేటప్పుడు కూర్చోబెట్టాడు కదా అంటే, అప్పుడు అరవాలని ఎవరికీ లేదు కాబట్టి కూర్చున్నారు.

ఏం చేయాలో పాలుపోక, తన నోరైనా ఆపుదామని తువ్వాలు కొస ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు. భూపేష్ అది చూశాడు. జేబురుమాలు తీసి వాడూ కుక్కుకున్నాడు. వెనక వరస కుక్కుకుంది. ఆడపిల్లలు చున్నీలు కుక్కుకున్నారు. నిమిషంలో మెట్లన్నీ మూగబోయాయి.

జీవిత ఆ నిశ్శబ్దానికి ఆశ్చర్యపోయి తిరిగి చూసింది. మూడొందల నోళ్ళలో మూడొందల గుడ్డలు. నవ్వు ఆపుకోలేక మొదటి బంతి పక్కకు పోయింది. కళ్ళు తుడుచుకుని, రెండోది తిన్నగా వేసింది. స్కోరు సమమైంది. ఇంకో ఐదు నిమిషాలు ఆడించారు. ఆ ఐదు నిమిషాల్లో మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

ఆట అయిపోగానే కరస్పాండెంటు పుల్లయ్యను పిలిపించాడు. ఉద్యోగం కూడా పోయిందనుకుంటూ పోయాడు. కరస్పాండెంటు ఫొటోగ్రాఫరు కెమెరాను పుల్లయ్య ముందు పెట్టాడు. మెట్లు నిండుగా ఉన్న ఫొటో ఒక్కటే బాగా వచ్చింది. మిగతావన్నీ తువ్వాళ్ళు అడ్డమొచ్చి పాడైపోయాయి. ఆ ఒక్కదాంట్లో అందరి నోళ్ళలో గుడ్డలున్నాయి.

"దీన్ని పాంఫ్లెట్‌లో ఏస్తే మన కాలేజీలో ఏదో కంపు కొడ్తాదనుకుంటారప్పా" అన్నాడాయన. "ఇంత జనం మళ్ళా ఎప్పుడొస్తారు?"

పుల్లయ్య నోరు తెరిచేలోపు ప్రేమజ్యోతి మేడం అందుకుంది. వచ్చే నెల కడప జట్టును స్నేహపూర్వక మ్యాచ్‌కు పిలుస్తానంది. ఓబుళేశు అక్కడే ఉండి, పిలవకపోయినా వస్తామన్నాడు. ఫొటో సరిగ్గా వచ్చేదాకా ఇనుము దించొద్దని కరస్పాండెంటు ఇంజనీరుకు ఫోన్ చేశాడు. ఆ తర్వాత షెడ్డును క్యాంటీను వెనక్కి మార్చారు గానీ, అదంతా పుల్లయ్య గొప్ప కాదు, గుడ్డల గొప్ప.

మైకు మాత్రం మేడం తీసేసుకుంది. 

సోమవారం సాయంత్రం గ్రౌండు ఊడుస్తుంటే జీవిత బంతి పట్టుకుని వచ్చింది. వచ్చి, ఆయన్ని బుట్ట కింద నిలబడి అరవమంది. ఇంక జన్మలో అరవనని ఒట్టు పెట్టుకున్నానన్నాడు పుల్లయ్య.

"వేరే ఊర్లో ఆడేటప్పుడు నీ అట్ల మర్యాదస్తులు ఉంటారా మామా? నీ కేకకు తట్టుకుంటే ఇంగ యాడైనా ఏస్తా. అరువు."

చీపురు పక్కన పెట్టి, తువ్వాలు తిప్పుతూ అరిచాడు. బంతి పోయింది. మళ్ళీ అరిచాడు, మళ్ళీ పోయింది. హాస్టల్‌కు పోతున్న పిల్లలు ఆగి, ముసలోడికి ఏమైందోనని మెట్ల మీద కూర్చున్నారు. ఆయన ఊపిరికి ఆగినప్పుడల్లా వాళ్ళు అందుకున్నారు. పదకొండో బంతి చుట్టును తాకకుండా వలలో పడింది. సంతోషం పట్టలేక పుల్లయ్య చప్పట్లు కొట్టబోతే, అరుపు ఆపొద్దని జీవిత కసిరింది.