తాత మిగిల్చిన రెండేళ్లు

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా వీధి పిల్లలందరికీ రెండు వయసులుండేవి. ఇంట్లో ఒకటి, బళ్లో ఒకటి. బడిలో చేర్పించేటప్పుడు ఒకటో రెండో ఏళ్లు తగ్గించి రాయించడం పెద్దవాళ్లకు అలవాటు. రేపు సర్కారు ఉద్యోగం వస్తే అన్నేళ్లు ఎక్కువ చేయొచ్చని వాళ్ల ఆలోచన. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని బతికిన మనుషులు ఎప్పుడో రాబోయే ఉద్యోగానికి అంత ముందుగా ఏర్పాట్లు చేశారంటే ఇప్పుడు నవ్వాలో ఏడవాలో నాకు తెలియదు.

మా ఇంట్లో మగ్గానికి పట్టుదారం కండెలు చుట్టే పని తెమలక నన్ను ఏడేళ్లకు గానీ బడికి పంపలేదు. చేర్పించింది మా తాత, అంటే మా నాయనను కన్న తండ్రి. ఐదేళ్లని రాయించి వచ్చాడు. పాపకు రెండేళ్లు మిగిలించినానని వీధి వీధంతా చెప్పుకున్నాడు. నేనూ గొప్పగానే తిరిగాను.

చదువు నాకు బాగా వచ్చేది. గొప్ప కోసం చెప్పడం లేదు, వచ్చేది, అంతే. ఎనిమిది పూర్తయ్యేసరికి పదో తరగతి లెక్కలు చేస్తున్నానని మా హెడ్మాస్టరు గారు నన్ను తొమ్మిది దాటించి నేరుగా పదిలో కూర్చోబెట్టారు. ఒక ఏడాది ముందే కాలేజీకి పోతుందన్నారు. ఆ ఏడాది నాకు ఎంత అవసరమో ఆయనకు తెలియదు.

మా అక్కకు పెళ్లి కుదిరింది, వేసవిలో ముహూర్తం. పట్టుచీరకు మగ్గం మీద ఇద్దరు కావాలి. నాయన నేస్తుంటే పక్కన కూర్చుని అంచు పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె విసిరేది అక్కే. అక్క పోతే ఆ చోటు నాది. నాయన ఒక్క మాట మాత్రం ఇచ్చాడు. అక్క పెళ్లిలోపు నేను పది రాసి పాసైతే కూలి మనిషిని పెట్టుకుని నన్ను కాలేజీకి పంపుతాడు. ఇంకా బళ్లోనే ఉంటే మాత్రం మగ్గం మీదికి రావాల్సిందే. అది న్యాయమా అని ఎవరూ అడగలేదు. నాకు న్యాయంగానే తోచింది, ఎందుకంటే పాసవుతానని తెలుసు.

పరీక్షకు పంపిన నా కాగితాలు వెనక్కి వచ్చాయి. నాకు నిజంగా పదిహేను నిండాయి గానీ కాగితం మీద పదమూడే. వయసు చాలదని ఎర్రసిరాతో రాసి పంపారు.

తాత ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు ఉతికిన పంచె కట్టుకుని, హెడ్మాస్టరు గారి ఉత్తరం జేబులో పెట్టుకుని, నన్ను బస్సులో పెనుకొండకు తీసుకుపోయాడు. అక్కడి విద్యాశాఖ ఆఫీసులో ఒక గుమాస్తా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా వీధిలో తగువులు తీర్చే మనిషి అలా నిలబడటం నేను అంతకుముందు చూడలేదు.

"నేనే అబద్ధం చెప్పినా సామీ. ఈ పాపకు పదైదు నిండినాయి. తప్పు నాది."

గుమాస్తా చెడ్డవాడేం కాదు. పుట్టిన కాగితం ఉందా అని అడిగాడు. నేను నల్లమాడ దగ్గర అవ్వగారింట్లో పుట్టాను, అక్కడ ఎవరూ రాయించలేదు. కోర్టులో సరిచేయించుకోవచ్చు గానీ పరీక్షలు అంతవరకూ ఆగవన్నాడు. తాత కదలకుండా నిలబడితే చివరికి విసుగ్గా అన్నాడు.

"అప్పుడు అబద్ధం చెప్తివి. ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మేది పెద్దాయనా?"

తాత కట్టుకున్న చేతులు విప్పి, నన్ను తీసుకుని బయటికొచ్చాడు. బస్టాండులో నాకు బొరుగులు కొనిచ్చాడు. నేను తీసుకున్నాను గానీ తినలేదు. బస్సు కదిలాక, కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు.

"నా మీద కోపమా పాపా?"

నేను బొరుగుల పొట్లం ఆయన ఒళ్లో పెట్టేశాను.

వేసవిలో అక్క హిందూపురం కాపురానికి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే నేను లేచేసరికి అక్క చోట తాత కూర్చుని ఉన్నాడు. పాపను బడికే పోనీ, నేను విసురుతానన్నాడు. ఎప్పుడో కళ్లు సరిగ్గా కనపడక మగ్గం మానేసిన మనిషి. పోగులు తెగుతుంటే తడుముకుంటూ అతికాడు. అతికిన చోట ముడి తేలేది. నాయన తొమ్మిది రోజులు ఓర్చుకున్నాడు. పదో రోజు తాత భుజం మీద చెయ్యి వేసి, "లే నాయనా, చాలు. చీర చెడిపోతాండాది" అన్నాడు. తాత లేచాడు. తుండుగుడ్డతో ఆ చోటు తుడిచి, నన్ను కూర్చోమన్నాడు.

ఆయన నా మంచే కోరాడు. పాడుచేసిందీ ఆయనే. ఈ రెండూ నిజమేనని ఆ రోజే తెలిసింది. తెలిసినంత మాత్రాన ఏమీ తేలిక కాలేదు.

మొన్న హిందూపురంలో మా అబ్బాయితో కలిసి బడికి పోతే, నా మనవరాలిని ఒక క్లాసు దాటించి పైక్లాసుకు పంపొచ్చని టీచరమ్మే చెప్పి, వయసు చాలదు, కంప్యూటరు తీసుకోదని తనే అంది. ఒక్క ఏడాదే కదమ్మా, ఆగితే ఏమవుతుందని మా అబ్బాయి నవ్వాడు. నాకు వాడితో వాదించే ఓపిక లేకపోయింది. లేచి బయటికొచ్చి నిలబడ్డాను.

నేను మగ్గం మీద కూర్చున్నాక తాత నాలుగేళ్లు బతికాడు. రోజూ నా ఎదురుగా గోడకానుకుని కూర్చునేవాడు. కోపం లేదు తాతా అని ఒక్క మాట అనివుంటే లోపలికి పోయి పడుకునేవాడేమో. పరీక్షకు చాలలేదు గానీ, ఆ మాట అనడానికి నా వయసు చాలేది. నేను అనలేదు.