చేపలామెను నేను చంపిన ఆదివారం

నా మీద ఒక చావు ఉంది. నిజంగా జరిగిన చావు కాదు. టీవీ సీరియల్లో కూడా జరగలేదు. నేనే కల్పించి, పదిమంది మధ్య కూర్చొని, కళ్ల నీళ్లు కూడా పెట్టుకొని చెప్పిన చావు. ఎనభైల నాటి మాట. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. సీరియల్ కథ మార్చి చెప్పడం కూడా ఒక తప్పేనా అని నవ్వుతారేమోనని మొదట్లో అనుకున్నాను. తర్వాత తర్వాత, నవ్వరని తెలిసి భయపడ్డాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

వరంగల్‌లో మేమున్న వీధికి మొదటి టీవీ మాదే. మా ఆయన పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో సూపర్‌వైజరు. చెక్క తలుపులున్న నలుపు తెలుపు టీవీ. ఆదివారం పొద్దున ఆ తలుపులు తీసేసరికి మా గడప బయట చెప్పులు కుప్పపడేవి. అప్పట్లో ఒక హిందీ సీరియల్ వచ్చేది. రేవు పట్నం, దొంగ సరుకు, హత్యలు, లంచాలు మింగే పోలీసులు. మంచివాళ్లకు మంచి జరుగుతుందన్న భరోసా ఏ వారమూ ఇచ్చేది కాదు. అందుకే మాకు దాని మీద అంత పిచ్చి. ఉర్దూ ముక్కలు మా వీధిలో అందరి నోటా ఉండేవి కానీ, ఆ కోర్టు హిందీ, ఆ పోలీసు హిందీ ఎవరికీ అంతుపట్టేది కాదు. నేను పెళ్లికి ముందు హిందీ పరీక్షలు రాసినదాన్ని. టీవీ పక్కన పీట వేసుకొని కూర్చొని ఒక్కో మాటా తెలుగులో చెప్పేదాన్ని. నేను చెప్పాకే మా ఇంట్లో నవ్వేవాళ్లు నవ్వేవాళ్లు, ఏడ్చేవాళ్లు ఏడ్చేవాళ్లు. దాచడమెందుకు, నాకు అది గొప్పగా ఉండేది.

పాత్రల పేర్లు నోరు తిరగక మేమే పేర్లు పెట్టుకున్నాం. పొడుగు ఇన్‌స్పెక్టరు. సిగరెట్ సేటు. చేపలామె. సేటు మనుషులు తన తమ్ముణ్ణి చంపుతుంటే చేపలామె చూసింది. ఇక కోర్టులో సాక్ష్యం చెబుతుందా, చెప్పనిస్తారా అన్నదే కథ. వారమంతా నల్లా దగ్గర, బియ్యం ఏరే చోట, మిల్లు గేటు ముందు ఇదే పంచాయితీ. మా పక్కింటి కనకవ్వకు హిందీ ఒక్క ముక్క రాదు కానీ, అందరికంటే గట్టిగా వాదించేది ఆమే. "ఆ పొడుగోడే సేటు దిక్కు తిరుగుతడు, సూడున్లి" అనేది. వంటలు మాడేవి. మొగుళ్లు తిట్టేవాళ్లు. ఆఖరి వారం ఏమవుతుందోనని అందరం గిలగిలా కొట్టుకునేవాళ్లం.

అందరిలోకీ తక్కువ మాట్లాడేది రాజమ్మ. మా ఆయన పనిచేసే మిల్లులోనే దూది ఏరే పని ఆమెది. మొగుడు వదిలేసి పోయాడు. ఒక్కతే బిడ్డ. తమ్ముడు సారయ్య అదే మిల్లులో యంత్రం దగ్గర పనిచేస్తూ తల్లీబిడ్డలను సాకేవాడు. ఆ ఏడు పత్తి సీజను ఇంకా అయిపోలేదు, సారయ్య బెల్టులో చిక్కుకొని చచ్చిపోయాడు. తాగి వచ్చి పడ్డాడని మిల్లువాళ్లు చెప్పారు. పోలీసులూ ఆ మాటే పట్టుకున్నారు. కేసు కోర్టుకు పోయింది. కానీ కాసేపటి ముందే రాజమ్మ తమ్ముడికి సద్ది పెట్టింది. పక్కన కూర్చొని తినిపించింది. వాడు తాగలేదని ఆమెకు తెలుసు. ఆ మాట కోర్టులో చెప్పే మనిషి ఆమె ఒక్కతే. మిగతా కూలీలు అప్పటికే తలలు వంచుకున్నారు.

ఒక ఆదివారం సీరియల్ అయ్యాక రాజమ్మ అంది: "ఆ చేపలామెకేమైతదో సూత్త అక్కా. ఆమె చెప్పి బతికితే, నేను గూడ పోయి చెప్త." అందరూ నవ్వారు. రాజమ్మ నవ్వలేదు.

ఆ మాట నేనే మా ఆయనకు చెప్పాను. నవ్వులాటకే చెప్పాను. అసలు తప్పు అక్కడే మొదలైందా? లేక ఆయన మొహం మాడ్చుకోవడం చూసి కూడా ఎందుకని నేను అడగకపోవడం దగ్గరా? ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను.

రాజమ్మ కోర్టుకెక్కితే మిల్లు మూతపడుతుందన్నాడు. మిల్లు సేటుకేం, ఇంకో ఊళ్లో పెట్టుకుంటాడు, కూలోళ్లంతా రోడ్డున పడతారన్నాడు. రోజూ ఇదే మాట. అన్నం ముందు కూర్చొని ఇదే మాట. చివరకు నేను అడిగాను, సారయ్య నిజంగా తాగాడా అని. "తాగిండు. నా ముంగట్నే తాగిండు. నీ మీదొట్టు" అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టి అన్నాడు. నమ్మాను. తమ్ముడి మీది ప్రేమ కొద్దీ రాజమ్మే పొరబడుతోందనుకున్నాను. ఇక ఆయన అసలు సంగతి బయటపెట్టాడు. ఆ సీరియల్లో ఏమైనా కానీ, చేపలామె చచ్చిపోయిందని రాజమ్మకు చెప్పాలి. హిందీ వచ్చినదాన్ని నేనే కదా.

నేను కాదనలేదు. చూద్దాంలే అన్నాను. ఇంట్లో అందరి కళ్ల ముందూ సీరియల్ నడుస్తుంటే కథ మార్చడం ఎట్లాగూ కుదరదని లోపల ఒక ధైర్యం. కానీ ఆఖరి భాగానికి ముందురోజు గాలివాన కొట్టింది. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. వీధి వీధంతా ఒకటే ఏడుపు. చివరికి అందరూ కలిసి నన్నే పంపారు. హన్మకొండలో మా చెల్లె ఇంట్లో చూసి వచ్చి కథంతా చెప్పాలి. తోడు కనకవ్వ.

చూశాను. చేపలామె చావలేదు. బోనెక్కి, వణికే గొంతుతోనే, చూసిందంతా చెప్పింది. సేటును పట్టుకుపోయారు. పొడుగు ఇన్‌స్పెక్టర్ను దూరం బదిలీ చేశారు. చివరకు ఆమె మళ్లీ రేవులో తన గంప ముందు కూర్చుంది. సేటు మనుషుల భయానికి ఎవరూ ఆమె దగ్గర చేపలు కొనరు. చాలాసేపటికి ఒక ముసలామె వచ్చి గంప ముందు వంగింది. అంతే, అయిపోయింది. అంత మంచి ముగింపు నేను మళ్లీ చూడలేదు.

రిక్షాలో తిరిగొస్తూ దారి పొడుగునా ఏమనుకున్నానో చెప్పనా? ఎట్లా చెబితే నమ్ముతారో అని మాత్రమే ఆలోచించాను. చెప్పాలా వద్దా అని ఒక్కసారీ అనుకోలేదు.

మా అరుగు మీద అందరూ ఎదురుచూస్తున్నారు. చెప్పడం మొదలుపెట్టాను. చేపలామె పొద్దున్నే లేచి బిడ్డకు తల దువ్వింది, కోర్టుకు నడిచి వచ్చింది, మెట్లెక్కుతుంటే సేటు మనిషి కత్తితో పొడిచాడు. జనం చూస్తూ నిలబడ్డారు. ఇన్‌స్పెక్టర్ ఆలస్యంగా వచ్చాడు. అంత బాగా నేను ఎన్నడూ చెప్పలేదు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు కనకవ్వ అడ్డం పడింది: "ఏందే నువ్వనేది? నేను సూసిన గద, ఆఖర్కి ఆమె చేపలమ్ముకుంట కూసున్నది!"

నా నాలుక తడబడలేదు. పొడిచేటప్పుడు నువ్వు కునుకు తీశావు అవ్వా, లేపడమెందుకని ఊరుకున్నాను, చివర్లో నువ్వు చూసింది ఆమె ప్రాణం పోయేముందు యాది చేసుకున్నది అన్నాను. ఫ్లాష్‌బ్యాక్ అన్నాను. సినిమాలు చూసినవాళ్లంతా అవునవునన్నారు. కనకవ్వ కాసేపు నా మొహం చూసింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకొని, "నా కండ్లు మసకలు గమ్ముతానయి బిడ్డా, పడుకున్ననో ఏమో" అంది. ఆమె పడుకోలేదు. నా మోచెయ్యి పట్టుకొని చివరిదాకా చూసింది.

అందరూ లేస్తుంటే రాజమ్మ నా దగ్గరకు జరిగింది. ఆ మాటలు ఇప్పటికీ ఉన్నవి ఉన్నట్టు చెప్పగలను.

"పానం వోయిందా అక్కా?"

"పోయింది. మెట్ల మీదనే పోయింది."

"సాక్ష్యం చెప్పినంకనా, చెప్పకముందా?"

ఇది అడుగుతుందని నేను అనుకోలేదు. "చెప్పకముందే" అన్నాను.

"మరి ఆమెకు బిడ్డ ఉండె గద. ఆ పొల్లనెవలు తీస్కపోయిన్లు?"

"ఎవలు తీస్కపోలే రాజమ్మా. రేవు కాడ ఒక్కతే నిలవడ్డది."

రాజమ్మ తన బిడ్డ వైపు చూసింది. "గట్లనే అయితది తియ్యి. మనసొంటోళ్లకు గట్లనే అయితది" అంది. బిడ్డ చెయ్యి పట్టుకొని వెళ్లిపోయింది.

కోర్టు పిలిచిన రోజు రాజమ్మ పోలేదు. అప్పటికే ములుగు దిక్కు తన మేనమామ ఊరికి వెళ్లిపోయింది. సారయ్య తాగే పడ్డాడని కేసు కొట్టేశారు. మా వీధిలో మాత్రం ఆ ఆఖరి సీను మీద వాదన చాన్నాళ్లు నడిచింది. చచ్చేముందు గంప ఎందుకు గుర్తొచ్చింది, కనకవ్వ చూసిన ఆ ముసలామె ఎవరు, దేవతేమో, చచ్చిపోయిన తల్లేమో. నన్ను మధ్యలో కూర్చోబెట్టి అడిగేవాళ్లు. లేని చావుకు రోజుకో అర్థం చెప్పేదాన్ని. నమ్మి అడుగుతున్న ఆ మొహాలు చూస్తే ఒళ్లు చచ్చిపోయేది. అయినా చెప్పేదాన్ని. ఒకసారి చెప్పాక ఆపడం ఎట్లాగో నాకు తెలియలేదు.

మళ్లీ సీజను మొదలయ్యే ముందు మిల్లు సేటు మా ఇంటికి మిఠాయి పట్టుకొచ్చాడు. మా ఆయన భుజం తట్టి, నాతో నవ్వుతూ అన్నాడు: "నీ మొగడు నసీబున్నోడు బిడ్డా. ఆ పొల్ల కోర్టుకొచ్చి ఉంటే, లోపటికి పోయేది నేను గాదు, ఈయనే. బెల్టు నడుస్తాంటే సాఫ్ జెయ్యమని పోరన్ని తోలింది ఈయనే గద." ఛాయ్ తాగి వెళ్లిపోయాడు. తలుపు దగ్గరే నిలబడి అడిగాను, అంటే సారయ్య తాగలేదా అని. ఆయన నా వైపు చూడలేదు. "అన్నం పెట్టు" అన్నాడు.

పెట్టాను. అదీ నా బతుకు. నా తల మీద చెయ్యి పెట్టి అబద్ధమాడిన మనిషికి, ఆ పూటా, ఆ తర్వాత ఎన్నో ఏళ్లూ అన్నం పెట్టాను. నన్ను మోసం చేశాడని కుమిలిపోయాను. ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. కడుపు మంట చల్లారలేదు. కానీ ఎంత తిట్టుకున్నా ఒక ప్రశ్న మిగిలేది. ఆయన నాకు ఒక్క అబద్ధం చెప్పాడు, నేను నమ్మాను. నేను రాజమ్మకు చెప్పాను, ఆమె నమ్మింది. ఇద్దరిలో ఎవరిది పెద్ద ద్రోహం? ఆయన భయపడి చెప్పాడు. నేను అబద్ధమాడింది భయంతో కూడా కాదే. నిజం తెలిసిన మర్నాడే ములుగు బస్సెక్కి ఉండొచ్చు. ఎక్కలేదు. మొగుడు జైలుకు పోతే నేనెట్లా అనుకున్నాను. తల వంచుకున్న ఆ కూలీలను అంతకుముందు నేనెంత చులకనగా చూశానో.

కొన్నేళ్లకు ఒక పెళ్లికని ములుగు వెళ్లాను. తిరుగు బస్సు కోసం నిలబడితే "అక్కా!" అని వెనక నుంచి పిలుపు. రాజమ్మ. సీతాఫలాల గంప ముందు కూర్చుంది. నన్ను చూసి లేచి రెండు చేతులూ పట్టుకుంది. "ఆనాడు నువ్వు చెప్పకపోతే నేను కోర్టుకు పోయేదాన్ని అక్కా. నన్ను గూడ సంపుదురు. నా బిడ్డ ఆగమైపోతుండె. ఇప్పుడు మంచిగ సదువుకుంటాంది. నీ పేరు జెప్పుకొనే బతుకుతానం" అంది. మళ్లీ మెల్లగా అంది: "సారయ్య గాడే యాదికొస్తడు. తాగుబోతన్న పేరొక్కటి మిగిలె వానికి."

అప్పుడు చెప్పాల్సింది. మా ఇద్దరి మధ్య ఎవరూ లేరు. ఆమె చేతుల్లో నా చేతులున్నాయి. ఆమె కళ్లలో అంత ప్రేమ చూసి, దాన్ని పోగొట్టుకోవడం నాకు చేతకాలేదు. బస్సొచ్చింది. వద్దంటున్నా వినకుండా ఏరి ఏరి సీతాఫలాలు నా సంచి నిండా వేసింది. ఇంటికి తెచ్చాను. మా ఆయనకు పెట్టాను. తిని, "మంచిగున్నయి, యాడియి?" అన్నాడు. ములుగువి అన్నాను. నేనూ తిన్నాను. తియ్యగా ఉన్నాయి.

మా ఆయన పోయాడు. కనకవ్వ తన కళ్లనే తప్పుపట్టుకుంటూ పోయింది. రాజమ్మ ఉందో లేదో తెలియదు. ఉన్నా వెళ్లి చెప్పే మనిషిని కానని ఇప్పుడు నాకు బాగా తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలోనూ లేదు.

సారయ్య తాగలేదు. ఆ రోజు అక్క పెట్టిన సద్ది తిని, మా ఆయన పొమ్మంటే నడుస్తున్న బెల్టు దగ్గరకు పోయాడు. రాజమ్మ బోనెక్కి ఉంటే వాడి పేరు నిలిచేది. ఎక్కకుండా నేను ఆపాను. రాశాను. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.