పెద్దమ్మ దగ్గర నేను దాచిన ఉత్తరం

నాంపల్లిలో మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఒక పద్ధతి పెట్టారు. ఆయన్ని మేమంతా అయ్యగారు అనేవాళ్ళం. సంఘంలో వయసొచ్చినవాళ్ళను ఇద్దరిద్దరిగా జత కట్టి, ప్రతి శనివారం సాయంత్రం ఆ ఇద్దరూ కలిసి కూర్చోవాలన్నారు. ఊరి ముచ్చట్లు చెప్పుకోవడానికి కాదు. ఒకరినొకరు ఒక్కటే ప్రశ్న అడగాలి, "ఈ వారం ఏమైనా దాచావా?" అని. అడిగి, విని, అంతటితో లేచి వెళ్ళిపోకూడదు. తప్పు ఒప్పుకున్నవాళ్ళు దాన్ని సరిచేసుకునేదాకా రెండోవాళ్ళు వెంట నడవాలి.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు. ఆబిడ్స్ వైపు ఒక ఆడపిల్లల బడిలో పంతులమ్మను. ముక్కు మీద కోపం, దానికి తోడు చదువుకున్నానన్న గీర. జతల పేర్లు చదువుతుంటే నాకు ఏ డాక్టరమ్మో వస్తుందని ఎదురుచూశాను. మొజంజాహీ మార్కెట్లో పండ్లమ్మే ఆమె వచ్చింది, అందరూ పెద్దమ్మ అని పిలిచేవాళ్ళు. భర్త పోయినామె, అక్షరం ముక్క రాదు. ఇంటికొచ్చి అమ్మ దగ్గర సణిగాను.

"ఏడ్వాల్సింది నువ్వు గాదు, ఆమె," అంది అమ్మ. "నీ నోటితోని ఎవ్వలు ఏగుతరే?"

మొదటి శనివారమే నా గీర కొంత దిగింది. నేను వెళ్ళేసరికి పెద్దమ్మ సీతాఫలాలు సర్దుతోంది. మచ్చపడ్డ పక్క పైకి వచ్చేటట్టు ఒక్కొక్క పండూ తిప్పి పెడుతోంది. పక్క దుకాణాల్లో అందరూ మచ్చను అడుగుకు తిప్పుతుంటే ఈమెది తలకిందుల వ్యాపారం. "కింద పెడితే ఎవరు చూస్తరు పెద్దమ్మా?" అన్నాను.

"ఇంటికి పోయినంక చూస్తరు గద బిడ్డా. గప్పుడు ఆళ్ల ముఖం నాకు కనవడది, నా ముఖం ఆళ్లకు కనవడ్తది," అంది.

ఆమెతో కూర్చోవడమంటే అంత తేలిక కాదు. తరగతిలో ఒక పిల్లను తప్పు లేకుండానే గోడకు నిలబెట్టానని ఒక వారం చెప్పాను. బడిలో మామూలే కదా అన్నట్టు చెప్పాను. మర్నాడు ఆరాధన కాగానే పెద్దమ్మ నన్ను సుల్తాన్ బజార్లో ఆ పిల్ల ఇంటికి నడిపించుకుపోయింది. ఆ ఇంటివాళ్ళు మా మతం వాళ్ళు కారు, బట్టల వ్యాపారులు. "తప్పు నాది" అని ఆ పిల్లతో అనేదాకా పెద్దమ్మ గడపలోనే నిలబడింది. తిరిగొస్తూ దారి పొడుగునా నేను మూతి ముడుచుకున్నాను గానీ, మనసులో మాత్రం ఈమె నన్ను వదలదు అన్న ధైర్యం మొదలైంది. అలా వెంట నిలబడేవాళ్ళు అంతకుముందు నాకు లేరు.

ఆమెకు ఒక్కడే కొడుకు. పటాలంలో లారీ నడిపేవాడు. తూర్పున ఎక్కడో సరిహద్దులో ఉన్నాడు. వాడి ఉత్తరాలు చదివిపెట్టడం, జవాబు రాయడం నా పని. ఒక గురువారం మధ్యాహ్నం పెద్దమ్మ బడి గేటు దగ్గరికి వచ్చింది. ఒక చేతిలో ఉత్తరం, ఇంకో చేతిలో నా కోసం రెండు జామపండ్లు. ముఖమంతా నవ్వు.

విప్పాను. రెండు కాగితాలు. రాత వాడిది కాదు, పక్క మంచం వాడిచేత రాయించాడు. లారీ మీద బాంబు పడింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. దవాఖానలో ఉన్నాడు, జ్వరం దిగడం లేదు. "అమ్మా, నా కోసం మన చర్చిలో ప్రార్థన చేయించు" అని ఉంది.

తలెత్తి చూశాను. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది.

"మంచిగున్నడట పెద్దమ్మా. పని జర ఎక్కువున్నదట. ఫికర్ చెయ్యొద్దన్నడు," అన్నాను.

మెల్లగా, సమయం చూసి చెబుదామనుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత నాలాంటివాళ్ళ కోసమే పుట్టి ఉంటుంది. ఆమె ఉత్తరాన్ని మడిచి రొంటిన దోపుకుని వెళ్ళిపోయింది. ఆ శనివారం తలనొప్పి అని కబురు పంపి నేను వెళ్ళలేదు.

ఆదివారం చర్చిలో, ఎవరైనా సాక్ష్యం చెప్పవచ్చని అయ్యగారు అనగానే పెద్దమ్మ లేచింది. "నా కొడుకు సల్లగున్నడని ఉత్తరమొచ్చింది. దేవునికి స్తోత్రం," అంది. చర్చి మొత్తం "స్తోత్రం" అంది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ప్రార్థన అడిగిన మనిషి కోసం ప్రార్థించకుండా మేము స్తోత్రాలు చెబుతున్నాం. అలా జరిగేటట్టు చేసినదాన్ని నేను. ఆ వారమంతా నాకు రెండు భయాలు. వాడికి ఏమైనా అయితే అన్న భయం ఒకటి, ఈమె నన్ను మళ్ళీ దగ్గరికి రానివ్వదేమోనన్న భయం ఇంకొకటి.

తర్వాతి శనివారం వెళ్ళాను. ఆమె ఎప్పటిలాగే అడిగింది.

"ఏమన్న దాసినవా బిడ్డా?"

"దాసిన," అని మొత్తం చెప్పాను.

ఆమె ఏడవలేదు.

"వాడు ప్రార్థన అడిగిండా?"

"ఔ, పెద్దమ్మా."

"తొమ్మిది దినాల సంది వాని కోసం ఎవ్వలు మోకరించలె. పానం మీదికొచ్చి వాడు అడిగిండు, మనం గీడ స్తోత్రం చెప్పుకుంట కూసున్నం."

ఆమె నన్ను కొట్టినా బాగుండేది. నేను ఏడుస్తుంటే ఆపమనలేదు, దగ్గరికీ తీసుకోలేదు. నా ఏడుపు తగ్గేదాకా ఊరుకుని, అప్పుడు అంది:

"ఇంగ నాది ఇను. రెండు కాయితాలుండె. నువ్వు రెండు మాటల్ల ముగించినవ్. సదువు రాకున్నా నా కొడుకు రాత నాకెర్క. అది వాని రాత గాదు. అయ్యగారి తాన చదివిస్తే తెలుస్తుండె. పోలె. భయమైంది బిడ్డా. నువ్వు చెప్పిందే తియ్యగుండె. నువ్వొక్కదానివే దాయలె, నేను గూడ దాసిన."

అప్పుడే బుట్ట మీద గుడ్డ కప్పి లేచింది. ఇద్దరం నాంపల్లి దాకా నడిచి అయ్యగారికి చెప్పాం. ఆయన కోప్పడలేదు. ఇరుగు పొరుగును పిలిపించి పొద్దు గూకేలోగానే వాడి కోసం మోకరించారు. మర్నాడు చర్చిలో పెద్దమ్మ లేచి, "పోయిన వారం నేను చెప్పింది నిజం గాదు," అంది. నేను పక్కన నిలబడి మిగతాది చెప్పాను. బయటికొచ్చాక నన్ను ఎత్తిపొడిచినవాళ్ళు ఒక్కరూ లేరు. మర్నాటి నుంచి రోజుకొకరు వచ్చి మార్కెట్లో పెద్దమ్మ పక్కన కూర్చునేవారు. పండ్లు అమ్మడం చేతకాని గుమాస్తాలు కూడా వచ్చి కూర్చున్నారు. వాళ్ళందరినీ తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వమే.

ఆ ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ చెబుతుంటే జవాబు రాశాను.

"బిడ్డా, నీ కోసం మేము తొమ్మిది దినాలు ఆలస్యంగ మోకరించినం. తప్పు నాది, ఈ ఉత్తరం రాసే పంతులమ్మది. మమ్ముల మాఫ్ చెయ్యి."

నేను కలం ఆపాను. "జ్వరంల ఉన్నోడికి గిదంత ఎందుకు పెద్దమ్మా?"

"మల్ల దాస్తున్నవా?" అంది.

రాశాను.

జవాబు రావడానికి నెల దాటింది. ఆ నెల ఎలా గడిచిందో మా ఇద్దరికే తెలుసు. ఉత్తరం తెచ్చి ఆమె నా చేతికే ఇచ్చింది. ఈసారి రాత వాడిదే. జ్వరం తగ్గింది, కర్రల మీద నాలుగడుగులు వేస్తున్నాడు. చివర ఇలా ఉంది: "అమ్మా, ఇక ముందు కూడా నా ఉత్తరాలు పంతులమ్మతోనే చదివించు."

ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. పెద్దమ్మ తొందరపెట్టలేదు. నేను దాన్ని పైకి చదివేదాకా నా ఎదురుగా కూర్చుంది.