బురుజులో కొక్కెం

చర్చి తాళంచెవి రెజీనె టార్ట్లర్ నడుముకే ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆ బుధవారం మాత్రం చిన్నాన్న కొడుకు మిష్ అడిగితే ఇచ్చింది. ఊళ్ళో తరాలుగా ఉన్న జర్మన్ మూలాల సాక్సన్లందరితోపాటు జర్మనీ వెళ్ళి ముప్పై ఏళ్ళు దాటినా, వాడు ఈ ఊరివాడే. పదిమంది యాత్రికుల్ని వెంటబెట్టుకొచ్చాడు. కోటగోడా, చర్చీ, బురుజూ చూపిస్తానన్నాడు.

ఆలుగడ్డల మడి తవ్వి ఆమె తిరిగొచ్చేసరికి వాళ్ళు చర్చి పక్క సమాధుల మీద కూర్చుని ఏదో నములుతున్నారు. ఎర్ర టోపీ ఆయన నోట్లోది గడ్డిలోకి ఉమ్మి, నాలుకను కాగితంతో తుడుచుకున్నాడు. ఉమ్మిన ముద్ద తెల్లగా, తడిగా మెరిసింది. పందికొవ్వు. రెజీనె బురుజు వైపు నడిచింది.

బురుజులో నలభై ఒక్క కొక్కేలు. ఇంటికొకటి. ఒకప్పుడు ప్రతి ఇంటి ఉప్పుకొవ్వూ అక్కడే వేలాడేది. ఆదివారం గంట కొట్టాకే, ఎవరిది వాళ్ళే కోసుకోవాలి. కోసిన అంచు మీద కాపలాదారు ముద్ర వేయాలి. ఇంకొకరిది కోసినవాడి కొక్కెం దూలంలోంచి పీకేస్తారు. కొక్కెం లేని ఇల్లు ఊళ్ళో లేనట్టే.

ఇప్పుడు కాపలాదారు ఆమే. కొవ్వు ఉన్నదీ ఆమె కొక్కేనికే. మిగతా నలభైకీ ఏటా తుప్పు గీకి నూనె రాస్తుంది.

పైకెళ్ళి చూసింది. కొవ్వు పలకను అడ్డదిడ్డంగా కోశారు. అంచు మీద ముద్ర లేదు, వేళ్ళ గుర్తులున్నాయి. కింద నలిపి పడేసిన జిడ్డు కాగితాలు.

మిష్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"కోప్పడకు రెజీనక్కా. రుచి చూస్తామన్నారు. మా కొక్కెం ఖాళీగా ఉందాయె."

"అందుకని నాది కోశావా? బుధవారంనాడు?"

"ఆదివారం దాకా బస్సు ఆగుతుందా? అయినా ఒక్కదానివి, అంతా నువ్వే తింటావా ఏంటి? ఇప్పుడు ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాను."

"అచ్చం తాతలాగే! వాళ్ళకి ఎంత నచ్చిందో తెలుసా?"

"తెలుసు. నచ్చిందంతా మీ అమ్మ సమాధి పక్కన ఉమ్మారు. వెళ్ళి చూసుకో."

మిష్ నవ్వేశాడు. జేబులోంచి ఫోన్ తీసి ఆమెకందించాడు.

"సరే తిట్టావుగా. మా కొక్కెం పక్కన నాదో ఫొటో తియ్యి. మనవలకి చూపించాలి, మనిల్లు ఇంకా ఇక్కడుందని."

రెజీనె ఫోన్ అందుకోలేదు. గోడకున్న పట్కారు తీసింది.

"ఏం చేస్తున్నావక్కా? ఆగు, ఆగు! అది మన ముత్తాత కొట్టింది!"

"ఆయనకి తెలిస్తే ఆయనే పీకేవాడు."

దూలం కిర్రుమంది. కొక్కెం ఊడొచ్చింది. దాన్ని వాడి అరచేతిలో పెట్టింది. ఈ వసంతంలో రాసిన నూనె ఇంకా ఆరలేదు. మిష్ దాన్ని గుప్పిట్లో మూశాడు. తాళంచెవి అక్కడే మెట్టు మీద పెట్టి దిగిపోయాడు.

ఆ వేళ్ళు తగిలిన అంచును కోసి పారేయాలని కత్తి తీసింది. కానీ అది బుధవారం. కత్తి పెట్టేసి, నీళ్ళ బకెట్టు తీసుకుని సమాధుల వైపు నడిచింది.