రెండు గలిజేర్లు

డిగ్రీ రెండో ఏడాదిలో నా వృక్షశాస్త్రం రికార్డు సంతకం లేకుండా వెనక్కి వచ్చింది. డెబ్బైల చివరి రోజులవి. మడికొండ నుంచి హనుమకొండలోని కాలేజీకి బస్సులో వెళ్లేదాన్ని. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే.

ఎండబెట్టిన మొక్కలను అట్టలకు అతికించి, కింద తెలుగు పేరు, లాటిన్ పేరు రాయాలి. రెండు ఆకుకూర మొక్కల అట్టల మీద గలిజేరు అనే రాశాను. పుస్తకంలో ఆ పేరు ఒక్క మొక్కకే ఉంది. రెండో దాని పేరు తెలియక మొదటి పేరే దింపేశానన్నారు లెక్చరరు గారు. మా అమ్మమ్మ రెండింటినీ అలాగే అంటుందని చెప్పాను. క్లాసంతా నవ్వింది.

అమ్మమ్మ మెట్ట చెలకల గట్ల మీద ఆకుకూరలు కోసి, హనుమకొండ సుబేదారిలో గంపతో ఇంటింటికీ తిరిగి అమ్మేది. అక్షరం ముక్క రాదు. సంగతి విని, మీ సారును ఒకసారి చూడాలంది, అంతే. మర్నాడు గంపతో సహా ల్యాబు గుమ్మంలో నిలబడింది. నాకు తలెత్తాలనిపించలేదు. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

లెక్చరరు గారు మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేయించి, రెండు వేర్వేరు మొక్కలకు ఒకే పేరు ఎలా ఉంటుందమ్మా అని అడిగారు.

"మా వాడల ఒక్క పేరున్నోళ్లు ముగ్గురున్నరు సారూ. పిలిస్తే ముగ్గురూ పలుకుతరు. అట్లని ముగ్గురూ ఒక్కరైతరా? మొఖం జూస్తే ఎరుకైతది."

వేపకూ కరివేపకూ చుట్టరికం ఉందా అని ఎదురు అడిగింది. లేదని ఆయన ఒప్పుకున్నారు. తర్వాత గంపలోంచి రెండు రెమ్మలు తీసింది. ఒకదానికి పువ్వు ఆకు సందులోనే కూర్చుంటుందని, రెండోదానికి సన్నటి కాడ పైకి లేస్తుందని, దాని కాయ చీర అంచుకు అంటుకుంటుందని చూపించింది.

ఆయనకు ఉత్సాహం పుట్టింది. బీరువా తెరిచి కాలేజీ దాచుకున్న పాత అట్టలు తెచ్చారు. ఒకే లాటిన్ పేరుతో ఉన్న రెండింటిని బల్ల మీద పరిచారు. అమ్మమ్మ వంగి చూసి, రెండో అట్ట మీద వేలు పెట్టింది.

"ఇది అది గాదు సారూ. ఈడ పూల కాడ ఇరిగింది, గందుకే దాని లెక్క కనబడుతంది, జర మంచిగ జూడుండ్రి."

ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. లావు పుస్తకం తిరగేశారు. చివరికి పాత చీటీ ఊడదీసి, కొత్త పేరు తన చేత్తోనే రాశారు.

"అమ్మ చెప్పిందే నిజం," అన్నారు మా వైపు తిరిగి. "ఇన్నేళ్లూ మేమే తప్పు చూపిస్తున్నాం."

నా రికార్డు మీద అక్కడికక్కడే సంతకం పెట్టారు. రెండు గలిజేర్లనూ కొట్టివేయలేదు. ముందురోజు అందరికంటే గట్టిగా నవ్విన అమ్మాయి వచ్చి, ఆ రెమ్మలను పట్టుకుని చూడవచ్చా అని అమ్మమ్మను అడిగింది.

ఆ వానాకాలం మా క్లాసంతా మడికొండకు వచ్చింది. గట్టు మీద అమ్మమ్మ ముందు నడిచింది. ఆమె వెనకే లెక్చరరు గారు, చెప్పులు చేత పట్టుకుని, ఆమె చెప్పిన ప్రతి పేరూ నోటుబుక్కులో రాసుకుంటూ. ఆ వెనక మేమందరం.